చందా, టిక్కెట్టు, గ్రాంటు: రాయలసీమ నాటక సమాజాల ఆర్థికాధారం, ప్రదర్శన రూపం

ప్రవేశిక

తెలుగు నాటక చరిత్ర రచనలో నాటకకర్తకు, నటుడికి, సమాజ స్థాపకుడికి దక్కిన చోటు నాటకానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందనే ప్రశ్నకు దక్కలేదు. రాజాశ్రయం, జమీందారుల ఆదరణ, ప్రజాదరణ వంటి మాటలతో ఆ ప్రశ్నను దాటిపోవడం పరిపాటి. ప్రభుత్వ సహాయం ఆగిపోయినప్పుడు మాత్రమే అది ముందుకు వస్తుంది. అప్పుడు వినిపించే వాదాలు ప్రధానంగా రెండు. ప్రభుత్వం ఆదుకోకపోతే నాటకం అంతరిస్తుందన్నది మొదటిది. నిజమైన జనకళకు ప్రభుత్వంతో పనిలేదు, ప్రజలే దాన్ని బతికించుకుంటారన్నది రెండోది. పైకి విరుద్ధంగా కనిపించినా రెండు వాదాలూ నాటకాన్ని ఒకే కొలతతో చూస్తాయి. బతికిందా లేదా అన్నదే ఆ కొలత. బతికిన నాటకం ఏ రూపంలో బతికింది, ఏమి వదులుకొని బతికింది అన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు.

ఆ ప్రశ్నను పరిశీలించడానికి మదనపల్లె, నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పం మొదలైన పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతం, దానికి ఆనుకొని ఉన్న సీమ భాగం అనువైన క్షేత్రం. ఊరుమ్మడి చందాలతో పద్దెనిమిది రోజులు జరిగే భారత ఉత్సవాలు, వాటిలో రాత్రిళ్లు ఆడే వీధి నాటకాలు చిత్తూరు జిల్లా సాంస్కృతిక జీవనంలో ముఖ్యమైనవి. ఈ ప్రాంతానికి ఉత్తరాన, కడప జిల్లా చక్రాయపేట మండలంలో, టిక్కెట్టు నాటకానికి మారుపేరైన సురభి గ్రామం ఉంది. వాయవ్యాన ధర్మవరం వైపు తోలుబొమ్మల కళాకారుల ఊరు నిమ్మలకుంట ఉంది. మూడు చోట్లా కళకు ఆధారమైన డబ్బు మూడు రకాలది. ఆ తేడా ప్రదర్శన రూపంలో ఎలా కనిపిస్తుంది, ప్రభుత్వ ధనం ఈ కళలకు ఏమి చేర్చింది, అది తొలగినప్పుడు ఏది పోతుంది అన్న విషయాలను వివేచించడం ఈ వ్యాస లక్ష్యం.

1. ఆశ్రయం నుంచి అకాడమీ దాకా

ప్రభుత్వ సహాయం కోల్పోవడం అనేది జరగాలంటే ముందు ఆ సహాయం ఉండి తీరాలి. తెలుగు నాటకం విషయంలో ఆ కాలం ఎంతో పొడవైనది కాదు. పుంగనూరు వంటి జమీందారీలు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసిపోయాయి. గుడి కొలువుకు ముడిపడిన మాన్యాల స్వరూపాన్ని 1956 నాటి ఇనాముల రద్దు చట్టం మార్చింది. భూసంస్కరణగా చూస్తే ఈ చట్టాలు అవసరమైనవే. అయితే పండుగలకూ ఉత్సవాలకూ భూమి ఆదాయం నుంచి అందుతూ వచ్చిన పాత ఆధారం వాటితోపాటే సన్నగిల్లింది. ఆ ఖాళీలోకి వచ్చిన సంస్థ ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ. 1957లో ఏర్పడిన ఆ సంస్థ కళాకారులను సత్కరించింది, ‘నాట్యకళ’ పత్రికను నడిపింది, నాటక సమాజాలకు ప్రభుత్వంతో మాట్లాడుకోవడానికి ఒక గుమ్మంగా నిలిచింది.

1983లో రాష్ట్ర ప్రభుత్వం సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అకాడమీలు చేస్తూ వచ్చిన పనులు దాని పరిధిలోకి చేరాయి. నటుడే ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో నాటక అకాడమీ రద్దు కావడాన్ని విడ్డూరంగా చెప్పుకోవడం మామూలే. విమర్శ దృష్టితో చూస్తే ఆ విడ్డూరం కన్నా ముఖ్యమైనది వేరొకటి ఉంది. అకాడమీ ఎదుట నిలబడేది నాటక సమాజం. విశ్వవిద్యాలయం ఎదుట నిలబడేది విద్యార్థి. రంగస్థల కళల బోధన, పరిశోధన, డిగ్రీ ఇవన్నీ విలువైనవే. కాని ఊరిలో నాటకం ఆడే బృందం విద్యార్థి కాదు, ఆచార్యుడు కాదు. కాబట్టి 1983లో జరిగినదాన్ని డబ్బు తగ్గడంగా మాత్రమే చూడకూడదు. సాయం కోరే అర్హత ఒకరి నుంచి మరొకరికి మారింది. అకాడమీ కాలమంతా కలిపితే 26 సంవత్సరాలు. తెలుగు నాటకం ప్రభుత్వం మీద ఆధారపడి చెడిపోయిందనే వాదం ఈ లెక్క ముందు నిలవదు, ఆధారపడేంత కాలమే దానికి దొరకలేదు.

2. చందా: భారతం ఆడే ఊరు

ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాన్ని చిత్తూరు జిల్లాలో ‘భారతం’ అనీ, ‘మహాభారత యజ్ఞం’ అనీ పిలుస్తారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం దాని క్రమం. పగలు కథకుడు చెప్పిన ఘట్టమే రాత్రి నాటకంగా కళ్లముందుకు వస్తుంది. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు వంటి ఘట్టాలు దాటుకుంటూ చివరి రోజు దుర్యోధన వధకు, అగ్నిగుండానికి, ఆపైన ధర్మరాజు పట్టాభిషేకానికి ఉత్సవం చేరుతుంది. దీనికయ్యే ఖర్చు ఇంటింటి చందా నుంచి, మొక్కుబడుల నుంచి, ఒక్కొక్క రోజు ఉభయం పెట్టుకొనే కుటుంబాల నుంచి వస్తుంది. నాటక బృందానికి తాంబూలం ఇచ్చి, బయానా చెల్లించి ఒప్పందం చేసుకోవడం కూడా ఊరి పెద్దల పనే.

ఈ ఆర్థికం ప్రదర్శన రూపాన్ని రెండు విధాల నిర్ణయిస్తుంది. మొదటిది ఘట్టాల స్థిరత్వం. అర్జున తపస్సు నాడు నిలువెత్తు తపస్సు మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టుమెట్టుగా పైకెక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మపండ్లు, పూలు, విభూతి కోసం సంతానం కోరే స్త్రీలు కింద ఎదురుచూస్తారు. ఇక్కడ పద్యం ఎంత బాగా పాడాడన్నది రెండో మాట, మాను ఎక్కాడా లేదా అన్నది మొదటి మాట. చందా ఇచ్చినవారు కొన్నది వినోదాన్ని కాదు, ఫలాన్ని. ఫలానికి ముడిపడిన ఘట్టాన్ని నాటక బృందం కుదించలేదు, తొలగించలేదు, వేరే విధంగా వ్యాఖ్యానించలేదు. దుర్యోధన వధ కోసం నేలమీద మలిచే భారీ మట్టి ప్రతిమ కూడా ఇలాంటిదే. భారత కథలో దుర్యోధనుడి పక్షాన ఒక కొత్త ఆలోచన చేసే అవకాశం నాటకకర్తకు ఉంటుందేమో గాని, ఆ ఉదయం ప్రతిమ తొడను పగులగొట్టడం చూడవచ్చిన ఊరికి ఆ అవసరం లేదు.

రెండోది చదివింపుల పద్ధతి. వీధి నాటకంలోనూ పద్య నాటకంలోనూ ప్రదర్శన నడుమ హార్మోనియం ఆగుతుంది. దాత పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం చదువుతారు. మళ్లీ పద్యం అందుకుంటారు. ఆధునిక రంగస్థల దృష్టికి ఇది రసభంగం. ఆ దృష్టి ఇక్కడ చాలదు. ఇంటింటా డబ్బు పోగుచేసిన ఉత్సవంలో చదివింపు అనేది లెక్క చెప్పడం. ఎవరు ఎంత ఇచ్చారో అందరి ఎదుట, వేదిక మీదే తేలుతుంది. ప్రభుత్వ గ్రాంటు లెక్క కార్యాలయపు కాగితాల్లో ముగిస్తే, భారతం లెక్క ప్రేక్షకుల చెవిలో ముగుస్తుంది. ఈ నాటకం కూలిపోకపోవడానికి భక్తి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంత కారణం.

ఇంతవరకు చూస్తే రెండో వాదం నెగ్గినట్టే. 1957కు ముందు, 1983కు తరువాత, సహాయం వచ్చినా రాకపోయినా భారతం ఆడే ఊరు ఆడుతూనే ఉంది. కాని ఈ ఆర్థికం కాపాడేది ఉత్సవాన్ని. నటుడిని కాదు. వీధి నాటక కళాకారుడి సంపాదన ఉత్సవాలు జరిగే కొద్ది నెలలకే పరిమితం. తక్కిన కాలంలో అతను కూలీ, రైతు, చిరు వ్యాపారి. ముసలితనానికి, జబ్బుకు, గొంతు పోయిన రోజుకు ఊరి చందాలో పద్దు లేదు. ఒక బృందం రాకపోతే మరొక బృందాన్ని పిలుచుకొనే స్వేచ్ఛ ఊరికి ఉంది, కొత్త నాటకం కట్టుకొనే తీరిక బృందానికి లేదు. జనమే కళను బతికిస్తారన్న మాటలో ‘కళ’ అంటే ఎవరన్నది అడగవలసిన ప్రశ్న.

3. టిక్కెట్టు: సురభి కుటుంబం

సురభి నాటక సమాజ చరిత్ర 1885లో వనారస గోవిందరావు సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడించడంతో మొదలైంది. ఆ కుటుంబం అంతకుముందు తోలుబొమ్మలాట ఆడిన మరాఠీ మూలాల కుటుంబం. తోలుబొమ్మ వెనుక నిలబడి గొంతు ఇచ్చిన స్త్రీ పురుషులే బొమ్మ స్థానంలో తాము నిలబడ్డారు. సురభిలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడానికి ఈ మూలం తోడ్పడింది. బయటి సమాజాల్లో మగవారు ఆడవేషం కట్టిన కాలంలో, స్థానం నరసింహారావు వంటి మహానటులు ఆ వేషాలతోనే కీర్తి గడించిన కాలంలో, సురభి స్త్రీలు వేదిక మీద ఉన్నారు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి నటే.

ఈ మార్పును సంస్కరణగా మాత్రమే చూడడం సరిపోదు. సురభి ఆర్థికం కుటుంబానిది. భోజనం ఉమ్మడిది, పని ఉమ్మడిది, పుట్టిన బిడ్డ బాలకృష్ణుడి వేషంతో వేదిక ఎక్కుతుంది. బయటివారికి జీతం ఇచ్చే అవసరం తక్కువ. కుటుంబంలోని ప్రతి మనిషీ నటి లేదా నటుడు కావలసిన అవసరం ఎక్కువ. సంఘసంస్కరణ సభల్లో చర్చగా ఉన్న విషయం సురభి డేరాలో అవసరంగా జరిగిపోయింది. ప్రభుత్వ సొమ్ము లేనిదే నాటకంలో మార్పు రాదనుకోవడం తప్పని చెప్పడానికి ఇది మొదటి సాక్ష్యం.

టిక్కెట్టు ముద్ర సురభి ప్రదర్శన నిండా ఉంది. ఆకాశంలో తేలే నారదుడు, క్షణాల్లో మారే తెరలు, నిప్పు కురిసే బాణాలు, వేదిక మీద కురిసే వాన ఇవన్నీ ప్రేక్షకుడి జేబులోని డబ్బును రాబట్టిన ఉపాయాలు. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’, ‘బాలనాగమ్మ’ వంటి నాటకాలు మళ్లీమళ్లీ ఆడడానికి కారణం కూడా ఇదే. కొత్త నాటకానికి కొత్త తెరలు కావాలి, కొత్త యంత్రసామగ్రి కావాలి, అది ఆడక డేరా ఖాళీగా ఉంటే ఆ రాత్రి భోజనం ఎలాగో చూసుకోవాలి. సినిమా ఇదే అద్భుతాన్ని ఇంకా పెద్దదిగా, ఇంకా తక్కువ ధరకు చూపించడం మొదలుపెట్టాక టిక్కెట్టు ఆర్థికం బలహీనపడింది. ఎన్నో శాఖలుగా విస్తరించిన సురభి కొద్ది సమాజాలకు తగ్గిపోయింది. కుటుంబాలు హైదరాబాదు శేరిలింగంపల్లి సురభి కాలనీలో స్థిరపడ్డాయి. 2014 రాష్ట్ర విభజనతో సురభి పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, సురభి నివసించే ఊరు తెలంగాణలో మిగిలాయి. ఏ ప్రభుత్వం ముందు నిలబడాలన్న ప్రశ్న ఒక నాటక సమాజానికి భూగోళ ప్రశ్న కూడా అయింది.

4. బహుమతి, వస్తువు: సహాయపు రెండు దారులు

అకాడమీ రద్దయిన తరువాత ప్రభుత్వ ధనం నాటకానికి చేరిన దారుల్లో ఒకటి పోటీ. తెనాలిలో 1929లో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు కాలం నుంచి తెలుగు నాటకంలో పోటీల సంప్రదాయం బలమైనది. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు దానికి ప్రభుత్వ రూపం ఇచ్చాయి. పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక వంటి విభాగాలు, కాలపరిమితి, న్యాయనిర్ణేతలు, నగదు బహుమతులు వాటి స్వరూపం. కొన్నేళ్లు నిలిచిపోయిన ఆ ఉత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగాయి.

పోటీ ధనం కూడా రూపాన్ని నిర్ణయిస్తుంది. నాటిక విభాగంలో గెలవడానికి తగిన రచన అంటే తక్కువ పాత్రలు, ఒకే రంగాలంకరణ, కుటుంబ సంబంధమైన సమస్య, చివరి ఘట్టంలో కంటనీరు లేదా కనువిప్పు అన్న అచ్చు క్రమంగా స్థిరపడింది. ఆ అచ్చులో మంచి నాటికలు రాలేదని చెప్పడం అన్యాయం. కాని వాటి ప్రధాన ప్రేక్షకులు న్యాయనిర్ణేతలు. ఊరు చందా ఇవ్వలేదు, టిక్కెట్టు కొనలేదు. కాబట్టి ఉత్సవం ఆగిన ఏడాది ఆ నాటికను అడిగే ఊరు ఉండదు. ప్రభుత్వ సహాయం తగ్గినప్పుడు అన్నింటికన్నా త్వరగా కుంగేది దాని మీదనే రూపం దిద్దుకున్న నాటకం. నిధులు పోవడం వల్ల నాటకం అంతరిస్తుందన్న మొదటి వాదం వర్తించేది ఇక్కడే.

రెండో దారి వస్తువుకు సహాయం. నిమ్మలకుంట ఇందుకు ఉదాహరణ. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. హస్తకళల ప్రదర్శనలు, అమ్మకాల కేంద్రాలు ఆ ఊరి కుటుంబాలకు ఆదాయం చూపాయి. అయితే హస్తకళల వ్యవస్థ కొనగలిగేది తోలును, రంగును, చిత్రాన్ని. రాత్రంతా సాగే ఆటను అది కొనలేదు. ఫలితంగా బొమ్మను చెక్కిన చేయి దీపపు గొడుగు చేయడానికి మళ్లింది. తెర వెనుక దీపం ముందు కదలవలసిన రాముడు డ్రాయింగు రూములో దీపం చుట్టూ కదలక నిలిచాడు. కుటుంబం నిలిచింది, అది చిన్న విషయం కాదు. చిత్రకళ నిలిచింది. కాని పాట, మాట, హాస్యపు బొమ్మల పరాచికం అమ్మకానికి అందని భాగాలు గనుక వెనకబడ్డాయి. సహాయం ఉందా లేదా అన్నది సగం ప్రశ్న, దేనికి ఉంది అన్నది మిగతా సగం.

ప్రభుత్వం ఇచ్చేది డబ్బే కాదని కూడా గుర్తించాలి. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఒక సామాజికవర్గాన్ని కించపరుస్తున్నదన్న అభ్యంతరం దానికి ఆధారం. మూలంలో లేని చవకబారు హాస్యం ప్రదర్శనల్లో పేరుకుపోయిందన్న విమర్శకు బలం ఉంది. ఆ నాటకాన్ని నమ్ముకొని గ్రామాల్లో బతికిన నటీనటుల జీవిక సంగతీ అంతే నిజం. గ్రాంటు అడగని నాటకం కూడా ప్రభుత్వపు మాట మీద ఆధారపడి ఉంటుందని ఈ ఉదంతం చూపుతుంది. ఒక నాటకమే జీవికైన బృందానికి ఆ నాటకం ఆగితే రెండోదాన్ని తయారు చేసుకొనే వ్యవధి ఎవరు ఇస్తారన్నది అది మిగిల్చిన ప్రశ్న.

5. గ్రాంటు: మార్పుకు దొరికే వ్యవధి

ఆ వ్యవధి దొరికినప్పుడు ఏమి జరుగుతుందో సురభి చరిత్రే చెబుతుంది. 1990లలో బి.వి. కారంత్ సురభి కళాకారులతో కలిసి పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆ కలయిక ఫలితాలు. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెజువాన్ మంచి మనిషి కథకు అనుసరణ. డేరా నాటకపు పాటకూ హాస్యానికీ అలవాటుపడిన గొంతులు, మంచితనానికి బతికే వీలులేని లోకాన్ని గురించి బ్రెహ్ట్ వేసిన ప్రశ్నను ఎత్తుకున్నాయి. ఈ కలయికలో కారంత్ నేపథ్యం గమనించదగినది. ఆయన బాల్యంలో గుబ్బి వీరణ్ణ కంపెనీలో పెరిగారు, అంటే టిక్కెట్టు నాటకం లోపలి మనిషి. తరువాత జాతీయ నాటక పాఠశాలకు, భోపాల్ భారత్ భవన్ రంగమండలానికి, మైసూరు రంగాయణకు నాయకత్వం వహించారు. ఈ మూడూ ప్రజాధనంతో నడిచిన సంస్థలు. సురభికి చేరిన ప్రయోగ దృష్టి అటువంటి సంస్థల్లో, ఒక నాటకం ఆడకపోయినా నటుడికి అన్నం దొరికే చోట, సానపెట్టిన దృష్టి.

సురభి ‘భీష్మ’ ఆడినందువల్ల ‘మాయాబజార్’ మానలేదు. డేరాను నింపేది ఇప్పటికీ మాయలే. కాని తమ చేతిలోని రంగస్థల విద్యను వేరొక పనికి వాడవచ్చునన్న ఎరుక ఆ సమాజానికి కలిగింది. ఊరి చందా ఇటువంటిదాన్ని అడగదు, టిక్కెట్టు దీన్ని భరించదు.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే రెపర్టరీ గ్రాంటును ఈ వెలుగులో చూడాలి. గురువుకు, శిష్యులకు నెలసరి గౌరవభృతి ఇవ్వడం దాని పద్ధతి. భారతం బృందాల స్థితితో పోలిస్తే నెలసరి భృతి విలువ తేలికగా అర్థమవుతుంది. 2020 మార్చి తరువాత కరోనా కారణంగా ప్రదర్శనలన్నీ నిలిచిన నెలల్లో ఆ విలువ మరింత తెలిసివచ్చింది. కాని మనిషికి ఇంత అని లెక్కించే భృతిలో తెర, దీపం, లారీ, డేరా, సాధన రోజులు కనిపించవు. అందువల్ల అది ఉన్న సమాజాన్ని ఉన్నట్టుగా ఉంచగలదు. కొత్త నాటకం కట్టే ఖర్చు మళ్లీ టిక్కెట్టు మీదే పడుతుంది. భృతి ఆలస్యమైనా, ఆగినా సమాజం మొదట మానుకొనేది సాధనను. ప్రదర్శన చివరిదాకా ఆగదు, ఎందుకంటే పూట గడిచేది దానితోనే. బయటినుంచి చూసేవారికి అంతా యథాతథంగా కనిపిస్తుంది.

ఈ విషయంలో అమెరికా అనుభవం ఒక పోలికకు పనికివస్తుంది. ఆర్థిక మాంద్య కాలంలో నిరుద్యోగులైన నటులకు పని కల్పించడానికి 1935లో అక్కడ ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు మొదలైంది. హాలీ ఫ్లానగన్ దానికి నాయకురాలు. ఉపాధి పథకంగా పుట్టిన ఆ వ్యవస్థ ‘లివింగ్ న్యూస్‌పేపర్’ అనే కొత్త నాటక రూపాన్ని ముందుకు తెచ్చింది. ఆనాటి వార్తలే అందులో ఇతివృత్తం. రాజకీయ వ్యతిరేకత పెరిగి 1939లో చట్టసభ నిధులు ఆపివేసింది. అమెరికాలో నాటకం దాంతో అంతరించలేదు, బ్రాడ్‌వే నడిచింది. పోయింది ఆ కొత్త రూపం, దాన్ని తక్కువ ధరకు చూసిన సామాన్య ప్రేక్షకుడి వేదిక.

6. ఒక అభ్యంతరం

ఈ వాదానికి తెలుగు చరిత్రలోనే బలమైన అభ్యంతరం ఉంది. 1943లో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి ప్రభుత్వ సహాయంతో నడవలేదు, ప్రభుత్వ నిర్బంధాన్ని ఎదుర్కొని నడిచింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ కన్నా కొత్తదైన నాటకం ఆ దశకంలో అరుదు. బుర్రకథను, వీధి భాగవతాన్ని కొత్త వస్తువుకు మలిచినదీ ఆ ఉద్యమమే. మార్పుకు ప్రభుత్వ ధనం అవసరమన్న మాట అక్కడ చెల్లదు.

ఈ అభ్యంతరం సరైనదే. అయితే అది వాదాన్ని పడగొట్టదు, సరిదిద్దుతుంది. ప్రజానాట్యమండలి కళాకారులను పోషించింది ఒక ఉద్యమం. ఈ రాత్రి ఎంత వసూలైందన్న లెక్కతో కాక, రేపటి సమాజం ఎలా ఉండాలన్న లెక్కతో ఆ ఉద్యమం నాటకాన్ని నిలబెట్టింది. ఉద్యమం వెనుకపట్టు పట్టినప్పుడు ఆ కళాకారుల్లో పలువురు సినిమాకు వెళ్లిపోయారు. సురభి స్త్రీల విషయంలో కుటుంబం కూడా ఇటువంటి ఆధారమే. కాబట్టి మార్పుకు కావలసింది ఫలానా రాత్రి ప్రదర్శన గెలుపోటములకు ముడిపడని ఆధారం. ఒకనాడు ఉద్యమం, ఒక సమాజంలో కుటుంబం దాన్ని ఇచ్చాయి. ఉద్యమం అన్ని కాలాల్లో ఉండదు. కుటుంబం ఆ భారాన్ని తన పిల్లల చదువుతో, భవిష్యత్తుతో చెల్లిస్తుంది. అందరికీ, నిలకడగా, ఎవరి బిడ్డల భవిష్యత్తునూ తాకట్టు పెట్టకుండా అటువంటి ఆధారం ఇవ్వగలది ప్రజాధనమే. ప్రభుత్వ సహాయాన్ని సమర్థించడానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు.

ముగింపు

చందా భారతాన్ని నిలిపింది, కాని ఘట్టాన్ని కదలనివ్వలేదు. టిక్కెట్టు సురభికి అద్భుతాన్ని నేర్పింది, ఆ అద్భుతాన్నే మళ్లీమళ్లీ అడిగింది. బహుమతి నాటికను చెక్కింది, దానికి ఊరు లేకుండా చేసింది. హస్తకళల విపణి బొమ్మను దాచింది, ఆటను వదిలేసింది. వీటిలో ఏదీ నిరసించదగింది కాదు. ఏ ఒక్కటీ చాలదు.

ప్రభుత్వ నిధులు పోయినప్పుడు నాటకం చచ్చిపోతుందని భయపెట్టే పద్ధతి విమర్శకులు మానుకోవలసి ఉంది. మరుసటి ఏడు భారతం యథావిధిగా జరిగినప్పుడు, సురభి డేరాలో నారదుడు మళ్లీ తేలినప్పుడు ఆ భయం అబద్ధమని తేలి, నిధుల కోతకు అదే సమర్థన అవుతుంది. కనబడని నష్టాన్ని కనబడేలా చూపడం పరిశోధకుల పని. ఆడిన నాటకాల జాబితాతో పాటు పదేళ్లుగా కొత్తగా చేరిన నాటకాలు ఎన్ని, సాధనకు దొరికిన రోజులు ఎన్ని, కుటుంబానికి బయటినుంచి వచ్చిన యువ నటులు ఎందరు అన్న వివరాలు సేకరించాలి. భారతం కమిటీల జమాఖర్చు పుస్తకాలు, నాటక బృందాల బయానా చీటీలు ఇప్పటికీ ఇళ్లలో, గుళ్లలో ఉన్నవే. వాటిని నాటక సాహిత్య ఆధారాలుగా తెలుగు శాఖలు ఇంకా గుర్తించవలసి ఉంది. కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. క్షేత్రం ఈ రెండింటి నడుమనే పరుచుకొని ఉంది.

సహాయ పద్ధతికి కూడా ఇందులో ఒక సూచన ఉంది. నటుడి నెలసరి భృతిని కొనసాగిస్తూనే, కొత్త నాటకం కట్టుకొనే కాలానికి, ఆ కాలంలో ఆగిపోయే ఆదాయానికి ప్రత్యేకంగా పద్దు పెట్టాలి. ఆ నాటకం జనానికి నచ్చకపోవచ్చు. నచ్చని నాటకం ఆడినందుకు బృందం పస్తుండకుండా చూడగలిగితే ఆ పద్దు ఉద్దేశం నెరవేరినట్టే. భారతం ఆడే బృందాల్లోని యువకుడు ఉత్సవాలు లేని నెలల్లో కూలికి పోకుండా ఒక కొత్త ఘట్టాన్ని సాధన చేయగలిగిన నాడు, ఊరి చందాకూ ప్రజాధనానికీ మధ్య పోటీ లేదని, రెండూ ఒకే నాటకానికి రెండు వేర్వేరు అవసరాలు తీరుస్తాయని స్పష్టమవుతుంది.